సోహార్ క్యాంపు ప్రెసిడెంటు భూమయ్య

అమెరికా ప్రెసిడెంటు పొద్దుగాల లేచి ఫోన్ల ఏం రాసిండో అమెరికోళ్లకన్న ముందుగాల సోహార్ల భూమయ్యకు ఎర్కయితది. ఇది భూమయ్యనే చెప్పిన ముచ్చట. మనం కాదనేటందుకు లేదు, ఎందుకంటే కాదన్నోనికి ఆయన మూడు వీడియోలు పంపుతడు. మూడూ చూసేదాక ఇడ్వడు.

మనిషి జగిత్యాల దిక్కు. నలభై ఏడేండ్లు. ఒమన్ దేశంల సోహార్ పోర్టు పక్కపొంటి ఇనుప పైపులు చేసే ఒక ఫ్యాక్టరీ ఉన్నది, అండ్ల పద్దెనిమిదేండ్ల సంది పరంజాలు కట్టుడు పని. వచ్చిన కొత్తల పైపులు మోసిండు, తర్వాత క్లాంపులు బిగించిండు, ఇప్పుడు చార్జ్‌హ్యాండ్. అంటే ఇరవై మంది కట్టిన పరంజాను కిందికెల్లి మీది దాక తనే ఎక్కి, ఒక్కొక్క క్లాంపు చేత్తోని గుంజి చూసి, బాగుంటే పచ్చకార్డు మీద సంతకం పెట్టి నిచ్చెన కాడ కట్టే మనిషి. కార్డు పచ్చగుంటె ఎక్కాలె. ఎర్రగుంటె దాని కింద నిలవడేది సుత లేదు. పద్దెనిమిదేండ్లల్ల భూమయ్య సంతకం నమ్మి ఎక్కినోని గోరు సుత ఊడలే. నిజంగ అది గొప్ప సంగతే. కాని దాన్ని గొప్ప అన్నోడు ఒక్కడు లేడు, భూమయ్య సుత అనుకోలే. పాపం, ఆ కార్డు కింద లైక్ కొట్టేటందుకు బొటనవేలు బొమ్మ లేకపాయె.

ఈ అమెరికా పిచ్చి ఎక్కడికెల్లి అంటుకున్నదంటే, ఎండకాలం సెలవు కాడికెల్లి. ఒమన్ల ఎండలు ముదిరినయంటే మధ్యాహ్నం పన్నెండున్నర కాడికెల్లి మూడున్నర దాక బయట పని బంద్. సర్కారు రూలు. ఆ మూడు గంటలు అందరు షెడ్డుల ఏసీ కింద పడుంటరు. కొందరు నిద్రపోతరు, కొందరు ఇంటోళ్లతోని కొట్లాడుతరు. భూమయ్య మాత్రం అమెరికాను నడిపిస్తడు. దీనికి ఒక కారణం ఉన్నది, ఉత్తగ అనొద్దు. అమెరికా ఆయన ఇనుము మీద పన్ను పెంచుత అని ఒక్క లైను రాసిండనుకో, ఇక్కడ మా ముదీర్ మొకం, అంటే మేనేజరు మొకం, మాడుతది. ముదీర్ మొకం మాడితె ఓవర్‌టైం ఉంటదో ఊడ్తదో అని కూలోళ్లకు బుగులు. అందుకే ఆయనేం రాసిండో చెప్పే మనిషి కావాలె. కూలోళ్లకు దొరికింది భూమయ్య.

దొరికినోడు ఊకుంటడా? పాఠం షురూ చేసిండు.

"తొంభై ఏండ్ల కింద ఒక ప్రెసిడెంటు ఉండె," అని మొదలుపెడ్తడు, ఆ ప్రెసిడెంటు ఒళ్లె తనే పెరిగినోని తీర్గ. "అప్పుడు రేడియోలే కొత్త. అంతకుముందు ప్రెసిడెంటు ఏమన్నడో పేపరోడు రాస్తెనే జనానికి ఎర్క. ఈయన పేపరోన్ని దాటిండు. పొయ్యి కాడ కూసున్న ఇంటి పెద్ద లెక్క, రేడియోల 'దోస్తులారా' అనుకుంట సక్కగ ఇండ్లల్లకే వచ్చిండు. ఎన్నిసార్లు గెలిచిండో తెల్సా? నాలుగుసార్లు! తర్వాత టీవీ వచ్చింది. ఇద్దరు పోటీదార్లు టీవీల నిలవడి కొట్లాడిన్రు. ఒకడు పెండ్లికొడుకు తీర్గ తయారై వచ్చిండు, ఇంకోడు జరమొచ్చి లేచినోని లెక్క చెమటలు కారుకుంట నిలవడ్డడు. రేడియోల విన్నోళ్లేమో చెమటలోడే గెలిచిండన్నరట. మరి ప్రెసిడెంటు ఎవడైండు? పెండ్లికొడుకు! ఇంకొన్నొద్దులకు సినిమాలల్ల ఏసాలు ఏసినోడే కుర్సీ ఎక్కిండు. ఇగ ఇప్పుడు? మధ్యల ఎవ్వడు లేడు. పేపరోడు లేడు, టీవీయోడు లేడు, మంత్రి లేడు. ఒక ఏలు, ఒక ఫోను, ఎదురుంగ దునియా!"

"అరె భూమన్నా, అక్కడ పార్లమెంటు ఉంటది, కోర్టులుంటయి గదా. ఆళ్లందరు ఏం చేస్తరు?" అని అడిగిండు సమీయుల్లా.

"ఆళ్లు సుత ఫోనే చూస్తరు భాయ్. చూడకుంటె ఆళ్లకెట్ల తెలుస్తది, ఆయన ఏం చేసిండో?"

షెడ్డంత నవ్వింది. సమీయుల్లా నవ్వలే. సమీయుల్లాది నిజామాబాద్, క్రేన్ నడుపుతడు, క్యాంపుల అందరికన్న పాత మనిషి. మా క్యాంపుల ఒక పద్ధతి ఉండె. శుక్రారం మెస్సుల తిన్నంక, గోడ నీడకు తట్టు పరిచి అయిదుగురు పెద్దలు కూసునేది. ఒక్కో బ్లాకుకు ఒకడు. నల్లా రాకపోయినా, రూములల్ల లొల్లి అయినా, మెస్సుల అన్నం ఉడకకపోయినా, ఆ అయిదుగురు ఒప్పుకుంటెనే ఆఫీసుకు కాయితం పోయేది. కాయితం పోయేటందుకు ఒక వారం, జవాబు వచ్చేటందుకు రెండు వారాలు. నిదానం పని, నిజమే. కాని ఆ అయిదుగురిల ఒకడు తిక్క మాట మాట్లాడితె నలుగురు ఆపేది. ఆ అయిదుగురిల భూమయ్య సుత ఒకడు.

అగో, అప్పుడే సీ బ్లాకుల ఏసీ ఖరాబైంది. జూన్ నెల. రూముల గోడ ముట్టుకుంటె చెయ్యి కాలుతున్నది. పంచాయితీ కూసున్నది, కాయితం రాసింది, కాయితం పోయింది. భూమయ్యకు ఓపిక పట్టలే. గంగాప్రసాద్‌ను పిలిచి, వీడియో తియ్యమని ఫోను చేతుల పెట్టిండు. గంగాప్రసాద్‌ది కోరుట్ల, ముప్పై రెండేండ్ల మనిషి, భూమయ్య రూమే, భూమయ్య గ్యాంగే. అన్న గీత గీస్తె దాటడు. అసొంటోళ్లు దొరికితె ఎవడైన లీడరైతడు.

"అన్నలారా, తమ్ములారా!" అన్నడు భూమయ్య, చెమటలు కారుకుంట, మొకం ఎలుగు దిక్కు తిప్పి. "మా కంపెనీ దేవునసొంటిది! మా ఏసీ ఖరాబైందని తెల్వంగనే, రెండొద్దులల్ల కొత్తది పెడ్తనని మా ముదీర్ సాబ్ మాటిచ్చిండు. ఇసొంటి కంపెనీ దునియా మొత్తంల లేదు. సలాం ముదీర్ సాబ్!"

ముదీర్ మాట ఇయ్యలే. ముదీర్‌కు ఏసీ ముచ్చటనే తెల్వది. కాని ఆ వీడియో క్యాంపు దాటింది, పోర్టు దాటింది, మస్కట్‌ల పెద్దాఫీసుకు పోయింది. పెద్దాఫీసోళ్లు ఫోన్ చేసి ముదీర్‌ను మెచ్చుకున్నరు. మెచ్చుకున్నంక ఏం చేస్తడు పాపం? రెండో నాటికి కొత్త ఏసీ వచ్చింది. తిట్టి తెచ్చుకునుడు అందరికి వస్తది, లేని మాటను మెచ్చుకోని తెచ్చుకునుడు భూమయ్యకే వచ్చింది. తెలివైన పనే, కాదని అంటలేము.

ఆ దినం సంది భూమయ్య భూమి మీద నడుస్తలేడు.

పంచాయితీకి తర్వాతి శుక్రారం నలుగురు వచ్చిన్రు, ఆ తర్వాత ఇద్దరు, ఆ తర్వాత సమీయుల్లా ఒక్కడే తట్టు మీద కూసోని చాయ తాగి లేచి పోయిండు. ఎవరికి కావాలె పంచాయితీ? క్యాంపు వాట్సాప్ గ్రూపుల భూమయ్య గొంతు రికార్డయి వస్తది. "రేపు బస్సు పది నిమిషాలు ముందు కదులుతది." కదిలేది! డ్రైవర్ వహీద్‌కు తెలుగు రాదు, అయినా అందరు ఎక్కి కూసున్నంక బండి ఆపుకోని ఏం చేస్తడు? "శుక్రారం మెస్సుల చాపలు బంద్, కోడి పెట్టాలె." డెబ్బై బొటనవేళ్లు లేస్తయి. మలయాళం వంటాయన నెత్తి కొట్టుకుంటడు. చాపలోళ్లు లొల్లి చేస్తె, మధ్యాహ్నానికి ఇంకో గొంతు వస్తది: "చాపలు బంద్ అని నేనెప్పుడన్న?"

"పొద్దుగాలనే అన్నవ్ గదా భూమన్నా, నా ఫోన్ల ఉన్నది," అన్నడు సమీయుల్లా.

"నేను బంద్ అన్లే భాయ్. బంద్ గురించి ఆలోచన చేస్తున్న అన్న. మంది తప్పుగ ఇన్నరు."

మంది సుత, ఔను, మేమే తప్పుగ ఇన్నమనుకున్నరు. గిది చూడుండ్రి, ఎంత మంచి మందో! ఇంటికాడ ఆయన పెండ్లాం కమలవ్వ ఒక్కతే నమ్మలే. "నీ మొకం వీడియోల మస్తు కళగుంటది. నాతోని మాట్లాడేటప్పుడు ఎందుకు గట్ల ముడుసుకుంటది?" అని అడిగింది. పెండ్లాం లైక్ కొట్టకుంటె ఏమాయె, మిగిలినోళ్లు నలభై వేల మంది కొట్టిన్రు.

ఇదంత నవ్వుకునేటి ముచ్చటనే. ఇగ నవ్వు రాని ముచ్చట ఒకటి ఉన్నది.

భూమయ్య మోకాళ్లు ఎప్పటి సందో నొస్తున్నయి. పొద్దుగాల ఏడు పరంజాలు ఎక్కి దిగుడంటె మామూలు పని కాదు. ముందైతే నొచ్చినా ఎక్కేది, ఎందుకంటే ఎక్కకుండ సంతకం పెట్టేటందుకు లేదు. ఇప్పుడు గొంతు ఉన్నది గదా? ఒక నాడు బస్సుల కూసోనే గ్రూపుల చెప్పిండు: "మూడో నంబర్ నిన్న చూసిన, ఓకే, ఎక్కుండ్రి. కార్డు నేనొచ్చి కడ్త." ఎక్కిన్రు. ఏం కాలే. తెల్లారి అట్లనే చెప్పిండు. ఏం కాలే. నెల తిరిగేవరకు నిచ్చెన కాడికి వచ్చినోడు కార్డు దిక్కు చూసుడే మర్సిపోయిండు, జేబులకెల్లి ఫోన్ తీసి చెవుకు పెట్టుకునుడు నేర్చిండు. భూమయ్యకు ఎంత గర్వం! కార్డు మీద సంతకం చెయ్యని పని తన నోటిమాట చేస్తున్నది. ఛీ, ఏం గర్వమో అది!

అక్టోబర్ నెల, ఒక మంగళారం. ముందురోజు సాయంత్రం పైపు ఫిట్టర్లు ఒక లావు పైపు ఎక్కిచ్చేటందుకు నాలుగో నంబర్ పరంజాకు రెండు క్లాంపులు ఇప్పి, కాళ్లు పెట్టి నిలవడే ఒక పలక కొసలు కట్టకుండ ఉత్తగ పెట్టి పోయిన్రు. పోయేటప్పుడు పద్ధతి ప్రకారం ఎర్రకార్డు కట్టి పోయిన్రు. పొద్దుగాల గంగాప్రసాద్ నిచ్చెన కాడికి వచ్చిండు, ఎర్రకార్డు చూసిండు. చూసి, ఆగి, అన్నకు గ్రూపుల గొంతు పంపిండు: "అన్నా, నాలుగుకు ఎర్రకార్డున్నది. ఏం జేద్దాం?"

భూమయ్య అప్పుడు గేటు కాడ నిలవడి, తన పొద్దుగాలి వీడియో తానే తీసుకుంటున్నడు. అమెరికా ఆయన రాత్రి ఏందో కొత్త లైను రాసిండట, దాని మీద. మధ్యల గంగాప్రసాద్ గొంతు వచ్చింది. యాష్టకొచ్చింది. వీడియో ఆపి, గ్రూపుల గొంతుతోనే జవాబు పంపిండు: "ఎర్రది తీసుడు మర్సిపోయుంటరు. కార్డు సంగతి నాకిడిసిపెట్టు. నేను చెప్తున్న గదా, ఎక్కు!"

భూమయ్య మల్ల వీడియోల పడ్డడు, గంగాప్రసాద్ ఎక్కిండు. బెల్టు కొక్కెం తగిలిచ్చే లోపలనే పలక తిరగబడ్డది. పదడుగుల మీదికెల్లి కిందపడ్డడు. తొడ బొక్క ఇరిగింది. ఆ అరుపు గేటు దాక ఇనవడ్డది. ఆ అరుపు భూమయ్య వీడియోల సుత పడ్డది. ఆ వీడియో ఆయన పెట్టలే.

ఉరికి పోయిండు, మోకాళ్ల నొప్పి సుత మర్సిపోయి. గంగాప్రసాద్‌ను స్ట్రెచర్ మీద ఎక్కిచ్చిండు, చెయ్యి పట్టుకున్నడు, ఏడ్చిండు. నిజంగనే ఏడ్చిండు, అండ్ల నాటకం లేదు. అంబులెన్స్ పోయినంక బాత్‌రూమ్‌లకు పోయి, తలుపు ఏసుకోని, గ్రూపుల తన గొంతును అందరి ఫోన్లకెల్లి తీసేసిండు. ఇదీ నిజంగనే చేసిండు.

సేఫ్టీ ఆఫీసరు ఫహద్, ఒమనీ మనిషి, నిదానస్తుడు. హిందీ మాట్లాడుతడు, కొంచెం తెలుగు తిట్లు సుత ఎర్క. గ్రూపు తెరిచి భూమయ్యకు చూపిచ్చిండు. "ఏడు గంటల అయిదు నిమిషాలకు గంగాప్రసాద్ నిన్ను ఏందో అడిగిండు. ఏడు గంటల ఆరు నిమిషాలకు ఇక్కడ ఏందో ఉండె, ఇప్పుడు లేదు. ఏందది?"

"గుడ్ మార్నింగ్ పువ్వుల ఫోటో సార్."

"మంచిది," అన్నడు ఫహద్.

సంగతి ఇట్ల ఉండె. ఎర్రకార్డు ఉన్నది తెలిసి తనంతల తనే ఎక్కిండని తేలితె, గంగాప్రసాద్‌ది పెద్ద తప్పు. వీసా రద్దు, పిండికట్టుతోనే విమానం ఎక్కిస్తరు. తొడకు రాడ్ ఏసే ఆపరేషన్‌కు ఇంటికి పోయినంక తన సావు తాను సావాలె. పైవాడు ఎక్కుమంటె ఎక్కిండని తేలితె, ఆపరేషన్ ఇక్కడనే, నడిచేదాక కంపెనీ మీదనే, తర్వాత కూసుండి చేసే డ్యూటీ. కాని ఎక్కుమన్న పైవాని చార్జ్‌హ్యాండ్ టోపీ పోతది. నలభై ఏడేండ్లకు, ఆ మోకాళ్లతోని, మల్ల పైపులు మోసుడు. గురువారం లోపల పెద్దాఫీసుకు కాయితం పోవాలె.

మంది గుసగుస పెట్టిన్రు. ఇన్నోళ్లు ఇన్నరు గదా ఆ గొంతు! కాని ఒక్కొక్కడు ఒక్కొక్క చెవుల ఇన్నడు, ఇప్పుడు చూపిద్దామంటె ఎవ్వని ఫోన్ల లేదు. నేను తప్పుగ ఇన్ననేమో అనుకునుడు ఆళ్లకు అలవాటైంది.

భూమయ్య ఊకున్నడా? బుధవారం వీడియో పెట్టిండు. ఇన్నొద్దులల్ల అంత మంచి వీడియో లేదు. "గంగాప్రసాద్ నా తమ్ముడు! ఆయనకేమైనా బాధ్యత నాది, ఈ భూమయ్యది! నా నెత్తి మీద ఏసుకుంటున్న! మా కంపెనీ దేవునసొంటిది, నా తమ్మునికి ఆపరేషన్ చేయిస్తది!" గొంతు వణికింది, కండ్లల్ల నీళ్లు తిరిగినయి. లక్షమంది చూసిన్రు. "నువ్వే మా ప్రెసిడెంటువన్నా" అని రాసిన్రు. బాధ్యత నాది అంటె ఏం చేసినందుకు బాధ్యత అని ఒక్కడు అడగలే. అడిగితె ఏడుపు ఆగిపోతది గదా.

గురువారం పొద్దుగాల ఫహద్ పిలిచిండు. "నీ వీడియో చూసిన. మా అమ్మ సుత చూసింది. ముదీర్ కండ్లు తుడుసుకున్నడు. ఖలాస్. ఇప్పుడు అదే మాట ఇక్కడ రాయి." ఎదురుంగ ఒక కాయితం పెట్టిండు. మూడో ప్రశ్న: ఎర్రకార్డు ఉన్నప్పుడు ఎక్కుమని నువ్వు చెప్పినవా?

లక్షమంది ముంగల నెత్తి మీద ఏసుకున్న మనిషి, ఒక్క మనిషి ముంగల పెన్ను పట్టుకోని పావుగంట కూసున్నడు. లైకుల్లేవు, ఎలుగు లేదు, గోడకు ఒక గడియారం. కాయితం మీద రాసింది తర్వాత అందరి ఫోన్లకెల్లి తీసేసే వీలు లేదు. 'నో' అని రాసిండు. కింద సంతకం పెట్టిండు. పద్దెనిమిదేండ్లు పచ్చకార్డుల మీద పెట్టిన సంతకమే.

ఫహద్ కాయితం మడిచి, "నడు, దవాఖానకు పోదాం. గంగాప్రసాద్ సుత సంతకం పెట్టాలె," అన్నడు. "ఆయనకు ఇంగ్లీషు రాదు. నువ్వే చదివి చెప్పు, నీ గొంతు మీదనే ఆయనకు నమ్మకం." ఫహద్ తెలివితోని అన్నడో, ఉత్తగ అన్నడో తెల్వదు.

గంగాప్రసాద్ మంచం మీద కాలు మీదికి కట్టుకోని పండుకున్నడు. అన్నను చూడంగనే మొకం ఎలిగింది. "అన్నా, వీడియో చూసినే! ఈ సారు మొన్న వచ్చి ఎవరు ఎక్కుమన్నరు అని అడిగిండు. మా భూమన్న చెప్తడు సార్, ఆయన్నే అడుగుండ్రి అన్న. నువ్వు చెప్పనే చెప్తివి, లక్షమంది ముంగల! ఇగ నాకేం బుగులు లేదే."

భూమయ్య కాయితం ఇప్పిండు. మొదటి ప్రశ్న చదివిండు. రెండోది చదివిండు.

"మూడోది చదువన్నా."

"ఎర్రకార్డు ఉంటె ఎక్కుమని చార్జ్‌హ్యాండ్ చెప్పిండా అని అడిగిన్రు."

"ఆఁ. నువ్వేం రాసినవ్?"

'చెప్పిన అని రాసిన' అంటె అయిపోతుండె. గంగాప్రసాద్‌కు ఆ అక్షరాలు తెల్వవు. ఫహద్‌కు ఆ తెలుగు తెల్వదు. గంగాప్రసాద్ నవ్వుకుంట సంతకం పెడ్తుండె, విమానం ఎక్కుతుండె. ఇంత అల్కటి అబద్ధం భూమయ్యకు జన్మల దొరకలే. ఆ మొకాన్ని అంత దగ్గరికెల్లి చూసుకుంట ఆయనకు ఆ మాట రాలే.

"చెప్పలే అని రాసిన."

గంగాప్రసాద్ కోపానికి రాలే. అర్థం కాక చూసిండు. "మరి చెప్పినవ్ గదా."

"చెప్పిన."

"బాధ్యత నాది అంటివి గదా, వీడియోల?"

"అంటి."

"మరి ఇండ్ల ఎందుకు అన్లే అన్నా? ఈ కాయితం పోతెనే గదా నా కాలు బాగయ్యేది?"

ఫహద్ ఇద్దరి దిక్కు చూసి, "క్యా బోల్‌తా హై?" అని అడిగిండు.

"పెన్ను ఇయ్యుండ్రి సార్," అన్నడు భూమయ్య, హిందీల.

కాయితం మంచం కొస మీద పెట్టి, 'నో' మీద గీత కొట్టిండు. దాని పక్కపొంటి సన్నటి అక్షరాలతోని 'యెస్' అని రాసి, తేదీ ఏసి, మల్ల సంతకం పెట్టిండు. గంగాప్రసాద్ మెడ లేపి, ఆ కాయితం దిక్కు కండ్లు చిన్నగ చేసుకోని చూసిండు.

"జర పెద్దగ రాయే అన్నా," అన్నడు. "పక్కనే ఉన్న నాకు సుత కనవడుతలేదు."